మీకు తెలుసా? గ్రిడ్ ఒక్కటే, లెక్కలు రెండు

కరెంటు గ్రిడ్ గురించి పెద్ద నిర్ణయాలు తీసుకునే ఇంజినీర్లు చూసేది తీగల్నీ టవర్లనీ కాదు, కంప్యూటర్లో ఉన్న వాటి నమూనాని. ఆ నమూనాలు ఒకటికి నాలుగు ఉంటాయి. ఒకదాంట్లో ఉన్న లోడ్లూ జనరేటర్లూ ఇంకోదాంట్లో ఉన్నవాటితో సరిపోలకపోవడం ఈ రంగంలో రోజూ ఉండే తలనొప్పి. ఈసారి శీర్షిక ఆ తలనొప్పి గురించే.

నడిపేవాళ్లది ఒకటి, కట్టేవాళ్లది ఒకటి

లోడ్ డిస్పాచ్ సెంటర్లో కూర్చుని గ్రిడ్‌ని క్షణక్షణం నడిపేవాళ్ల నమూనాలో ప్రతి సబ్‌స్టేషన్లోని ప్రతి బ్రేకరూ, ప్రతి ఐసోలేటరూ విడిగా కనిపిస్తుంది. ఏది తెరిచి ఉందో ఏది మూసి ఉందో వాళ్లకు తెలియాలి మరి. ఐదేళ్ల తర్వాత ఎక్కడ లైను వేయాలో తేల్చే ప్లానింగ్ ఇంజినీర్లకు అంత వివరం అక్కర్లేదు. సబ్‌స్టేషన్లో ఒకే వోల్టేజి మీద కలిసి ఉన్న కడ్డీలన్నిటినీ వాళ్లు ఒక్క చుక్కగా గీస్తారు. ఆ చుక్కనే బస్ అంటారు. మొదటి నమూనాలో ఊళ్లవారీగా, ఫీడర్లవారీగా పదీ పదిహేను లోడ్లుంటే, రెండోదాంట్లో అవన్నీ 132 లేదా 220 కె.వి. బస్ మీద కూర్చున్న ఒకే ఒక్క అంకె. రెండూ నిజమే. కానీ పక్కపక్కన పెట్టి ఏది ఏదని అడిగితే జవాబు చెప్పడానికి మనిషి కావాలి.

మన దేశంలో ఈ నమూనాలు ఎన్ని చేతుల్లో ఉన్నాయో చూడండి. ప్రతి రాష్ట్రానికీ ఒక లోడ్ డిస్పాచ్ సెంటరు, వాటి మీద ఐదు ప్రాంతీయ కేంద్రాలు (మనది బెంగళూరులో ఉంది), అన్నిటి పైనా ఢిల్లీలో జాతీయ కేంద్రం. ప్లానింగ్ వైపు కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ, కేంద్ర ట్రాన్స్‌మిషన్ సంస్థ, రాష్ట్రాల ట్రాన్స్‌కోలు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కె.వి. లైనుతో దక్షిణాది గ్రిడ్ మిగతా దేశంతో ఒకే ఫ్రీక్వెన్సీలోకి వచ్చింది. అప్పటి నుంచి బెంగళూరు లెక్కలో తప్పుంటే దాని ప్రభావం నాగపూర్ దాకా పాకుతుంది.

120 మెగావాట్లు ఎక్కడికి పోయాయి?

పరవాడ దగ్గర సింహాద్రి థర్మల్ కేంద్రంలో 500 మెగావాట్ల యూనిట్లు నాలుగు ఉన్నాయి. మొత్తం 2,000. గ్రిడ్‌కి 2,000 చేరుతుందా? చేరదు. బొగ్గును పొడి చేసే మిల్లులు, బాయిలర్‌కు గాలి కొట్టే ఫ్యాన్లు, నీళ్లు తోడే పంపులు అన్నీ ఆ కరెంటుతోనే తిరుగుతాయి. ఈ రకం బొగ్గు కేంద్రాల్లో సొంత వాడకం సుమారు 6 శాతం. అంటే పూర్తి స్థాయిలో నడిచేటప్పుడు దాదాపు 120 మెగావాట్లు గేటు దాటకుండానే ఖర్చవుతాయి.

ఇక్కడే రెండు నమూనాలకూ పేచీ. ఒకదాంట్లో జనరేటర్ దగ్గర 500 అని రాసి, పక్కన 30 మెగావాట్ల సొంత లోడ్ పెడతారు. ఇంకోదాంట్లో ఆ రెండూ కలిపేసి 470 అని ఒకే అంకె రాస్తారు. ఒకరు పూర్తి జీతం చెబుతున్నారు, ఒకరు కోతలు పోగా చేతికొచ్చింది చెబుతున్నారు, ఎవరూ అబద్ధమాడలేదు. చిక్కు ఎప్పుడొస్తుందంటే, జనరేటర్ అంకెను మొదటి నమూనా నుంచీ, లోడ్ల జాబితాను రెండోదాని నుంచీ తీసుకున్నప్పుడు. సొంత లోడ్ జాబితాలో ఎక్కదు, ఉత్పత్తి మాత్రం పూర్తిగా ఎక్కుతుంది. లేని 30 మెగావాట్లు పుట్టుకొస్తాయి. ఇలాంటి యూనిట్లు యాభై ఉంటే 1,500 మెగావాట్లు. జల విద్యుత్‌లో ఈ గొడవ లేదు, అక్కడ సొంత వాడకం ఒక శాతం లోపే.

మైనస్ 500

పీఎస్ఎస్‌ఈ అనే ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్‌లో 500 మెగావాట్లు ఉత్పత్తి చేసే జనరేటర్ అంకె 500. అదే జనరేటర్‌ని యూరప్ దేశాలు వాడే ఉమ్మడి ఫైలు పద్ధతిలో రాస్తే మైనస్ 500. అక్కడ బస్ నుంచి బయటికి వెళ్లేదే ప్లస్ అని నియమం. జనరేటర్ బస్‌లోకి పోస్తుంది కాబట్టి దానికి మైనస్. ఒక పద్ధతి నుంచి ఇంకోదానికి మార్చే ప్రోగ్రాం ఈ గుర్తును మరిచిపోతే జనరేటర్ కాస్తా లోడ్ అయిపోతుంది. తేడా 500 అనుకునేరు, 1,000.

తప్పులన్నీ దాక్కునే చోటు

గ్రిడ్ లెక్కలో ఒక జనరేటర్‌కు అంకె ఇవ్వరని మీకు తెలుసా? మిగతా వాటన్నిటికీ ఇంత ఉత్పత్తి చేయాలని రాస్తారు. ఒక్కదాన్ని మాత్రం వదిలేసి, మొత్తం లోడూ తీగల్లో పోయే నష్టమూ లెక్క తేలాక ఎంత తక్కువ పడితే అంత నువ్వే ఇవ్వమంటారు. దాన్ని స్లాక్ అనో స్వింగ్ అనో పిలుస్తారు. ముందుగా నష్టమెంతో తెలియదు కాబట్టి ఈ ఏర్పాటు తప్పదు.

కానీ దీని గుణం చూడండి. ఎక్కడో ఓ జిల్లాలో 300 మెగావాట్ల లోడ్ రెండుసార్లు ఎక్కిందనుకుందాం. సాఫ్ట్‌వేర్ అరవదు, లెక్క చక్కగా తేలుతుంది. ఆ 300 కాస్తా స్లాక్ నెత్తిన పడుతుంది. 500 మెగావాట్ల యంత్రం 800 ఇస్తున్నట్టు ఫలితాల పట్టికలో ఏ మూలో ఉంటుంది, చూసిన నాథుడుంటే! రెండు నమూనాల్లో స్లాక్ వేర్వేరు చోట్ల ఉంటే మరీ గమ్మత్తు. ఒకే తప్పు ఒకదాంట్లో ఉత్తరాన, ఇంకోదాంట్లో దక్షిణాన బయటపడి, మధ్యలోని లైన్లన్నిటి ప్రవాహాల్నీ మార్చేస్తుంది. అందుకే ఈ పనిలో పండిపోయినవాళ్లు కొత్త ఫైలు చేతికి రాగానే ముందు స్లాక్ ఎంత చూపిస్తోందో చూస్తారు.

కంప్యూటర్ నిశ్చింతగా ఉన్న రోజు

1996 ఆగస్టు 10, అమెరికా పడమటి తీరం. మంచి ఎండ. ఓరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ దగ్గర కీలర్–ఆల్‌స్టన్ 500 కె.వి. లైను వేడికి సాగి చెట్టుకు తగిలి ట్రిప్ అయింది, మధ్యాహ్నం 3:42కి. సుమారు ఐదు నిమిషాలకు మెక్‌నరీ జల విద్యుత్ కేంద్రంలో యూనిట్లు ఒకదాని తర్వాత ఒకటి, మొత్తం 13, పక్కకి తప్పుకున్నాయి. గ్రిడ్ ఊగడం మొదలైంది. దాదాపు నాలుగు సెకన్లకు ఒక ఊపు చొప్పున ఉత్తరం నుంచి దక్షిణానికీ, దక్షిణం నుంచి ఉత్తరానికీ పవర్ ఊగింది. ఊపు పెరిగి పెరిగి 3:48కి పడమటి గ్రిడ్ నాలుగు ముక్కలైంది. 75 లక్షల మంది వినియోగదారులకు కరెంటు పోయింది.

అసలు కథ తర్వాత మొదలైంది. ఇంజినీర్లు అదే వరస సంఘటనల్ని తమ అధికారిక నమూనాలో పెట్టి నడిపారు. నమూనాలో గ్రిడ్ కాసేపు ఊగి, నెమ్మదించి, హాయిగా నిలబడింది! కొలత పరికరాలు నమోదు చేసిన గీత రోజురోజుకూ కాదు, సెకను సెకనుకూ పెద్దదవుతుంటే, కంప్యూటర్ గీసిన గీత సన్నబడి సరళరేఖ అయింది. ఈ రెండు గీతల్నీ ఒకే కాగితం మీద అచ్చు వేసిన బొమ్మ పవర్ ఇంజినీరింగ్‌లో చాలా ప్రసిద్ధం. నా దృష్టిలో ఈ రంగంలో ఇంతకంటే సిగ్గుపడాల్సిన, ఇంతకంటే పనికొచ్చిన బొమ్మ ఇంకోటి లేదు.

తేడా ఎక్కడుంది? ఒక్క చోట కాదు. లోడ్లలో మోటార్లున్నాయన్న సంగతి నమూనా పట్టించుకోలేదు. జనరేటర్ల వేగాన్ని అదుపు చేసే గవర్నర్లు ఫ్రీక్వెన్సీ తగ్గగానే స్పందించి ఆదుకుంటాయని ధీమాగా రాసుకున్నారు. తర్వాతి పరీక్షల్లో తేలింది, నిజంగా స్పందించేవి నమూనా అనుకున్న దాంట్లో సగం కూడా లేవని. ఉత్తరాన్నీ లాస్ ఏంజిలస్ ప్రాంతాన్నీ కలిపే డీసీ లైను కంట్రోళ్లు కూడా ఉన్నవి ఉన్నట్టు లేవు. ఇవన్నీ సరిదిద్దాక కంప్యూటర్ గీత అసలు గీత మీద కూర్చుంది. ఆ తర్వాత అక్కడ జనరేటర్ల యజమానులు తమ యంత్రాల్ని నిజంగా పరీక్షించి వివరాలివ్వడం తప్పనిసరి చేశారు. అప్పటిదాకా చాలా అంకెలు తయారీదారు ఎప్పుడో ఇచ్చిన కాగితాల్లోంచి వచ్చినవే.

మోటారా, బల్బా?

వంద మెగావాట్ల లోడ్ అంటే వంద మెగావాట్లే కదా, అందులో ఏముంటే ఏమిటి అనిపిస్తుంది. వోల్టేజి తగ్గినప్పుడు తెలుస్తుంది. పాత రకం బల్బు మసకబారి తక్కువ తాగుతుంది, గ్రిడ్‌కి ఉపకారమే. మోటారు అలా కాదు. వోల్టేజి తగ్గినా తన పని తాను చేయాలని ఎక్కువ కరెంటు లాగుతుంది. ఏసీల కంప్రెసర్లైతే వోల్టేజి బాగా పడిపోగానే కళ్లు మూసి తెరిచేలోగా ఆగిపోయి, ఆగినచోటే నిలబడి మామూలుకంటే ఎన్నోరెట్లు లాగుతాయి. దక్షిణ కాలిఫోర్నియా ఎడారి ప్రాంతాల్లో ఎండాకాలం ఇలా జరిగి, వోల్టేజిని పడేసిన షార్ట్ సర్క్యూట్ తొలగిపోయాక కూడా సెకన్ల తరబడి వోల్టేజి లేవకపోవడాన్ని 1980ల చివర్లోనే గమనించారు.

తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది. 20 లక్షలకు పైగా పంపుసెట్లు, అన్నీ ఇండక్షన్ మోటార్లే. దానికి ముందు ఆటోమేటిక్ స్టార్టర్లు తీసేయమని ఊరూరా ప్రచారం జరిగింది గుర్తుందా? భూగర్భ జలాల కోసం అన్నారు, నిజమే. గ్రిడ్ లెక్కలు చేసేవాళ్లకు దాంట్లో ఇంకో లాభం కూడా ఉంది. ఆటో స్టార్టర్లుంటే ఫీడర్‌లోకి కరెంటు రాగానే పంపులన్నీ ఒకేసారి లేస్తాయి, లేచేటప్పుడు మోటారు తాగే కరెంటు తిరిగేటప్పటికంటే ఐదారు రెట్లు. మనిషి వెళ్లి మీట నొక్కితే ఆ లేవడాలు విడివిడిగా పడతాయి. కాబట్టి స్టార్టరు డబ్బా ఉందా లేదా అన్నది కూడా గ్రిడ్ నమూనాలో చేరాల్సిన సమాచారమే.

పైగా పంపుసెట్లలో చాలావాటికి మీటర్లు లేవు. ఎంపిక చేసిన ట్రాన్స్‌ఫార్మర్ల మీద మీటర్లు పెట్టి మొత్తం వాడకాన్ని అంచనా కడతారు. ఆ పద్ధతి రెవెన్యూ లెక్కకు పనికొస్తుంది. ఫలానా బస్ మీద, ఫలానా సాయంత్రం ఆరింటికి, ఎన్ని మెగావాట్లన్న ప్రశ్నకు దాంతో సూటిగా జవాబు రాదు.

జనరేటర్ లోడ్ అయ్యే వేళ

శ్రీశైలంలో ఒకే జలాశయానికి అటూ ఇటూ రెండు కేంద్రాలు. కుడిగట్టున 110 మెగావాట్ల యూనిట్లు ఏడు, ఆంధ్రప్రదేశ్‌వి. ఎడమగట్టున భూగర్భంలో 150 మెగావాట్లవి ఆరు, తెలంగాణవి. ఎడమగట్టు యంత్రాలకు ఇంకో విద్య తెలుసు; వెనక్కి తిరిగి, కింది నీటిని పైకి తోడగలవు. అప్పుడు అవి జనరేటర్లు కావు, లోడ్లు. మరి నమూనాలో వాటిని ఏ జాబితాలో పెట్టాలి? కొందరు ఎప్పుడూ జనరేటర్ల జాబితాలోనే ఉంచి, తోడేటప్పుడు మైనస్ అంకె ఇస్తారు. కొందరు అదే బస్ మీద ఒక జనరేటరూ ఒక లోడూ పెట్టి, ఒకటి ఆన్ చేసినప్పుడు ఇంకోటి ఆఫ్ చేస్తారు. ఈ రెండో పద్ధతిలో ఎవరైనా ఆఫ్ చేయడం మరిచిపోతే యంత్రం తాను పుట్టించిన కరెంటును తానే తాగుతూ కనిపిస్తుంది.

జాబితాల మధ్య గీత ఎంత పల్చనో తెలియాలంటే కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్‌లోని గాయత్రి పంప్‌హౌస్ చూడాలి. కాళేశ్వరం ఎత్తిపోతల్లో భాగం. అక్కడి ఒక్కో పంపు మోటారు 139 మెగావాట్లు, అలాంటివి ఏడు. శ్రీశైలం కుడిగట్టు జనరేటర్ కంటే పెద్ద మోటారు! దీన్ని మామూలు లోడ్‌లాగా ఒక అంకెతో సరిపెడితే కుదరదు, జనరేటర్‌కి రాసినన్ని వివరాలు దీనికీ రాయాలి.

వాటా వేరు, చోటు వేరు

సింహాద్రి విశాఖ పక్కనే ఉంది. కానీ రాష్ట్ర విభజన సమయంలో విద్యుత్ పంపకాల్లో తెలంగాణకు 53.89 శాతం, ఆంధ్రప్రదేశ్‌కు 46.11 శాతం అని పాళ్లు తేల్చారు కాబట్టి, అక్కడి మొదటి దశ కరెంటులో పెద్ద వాటా తెలంగాణ ఖాతాలో పడింది. డిస్కంల దగ్గర ఉండే జాబితా వాటాల జాబితా. నమూనా తయారుచేసేవాళ్లకు కావలసింది చోటు. ఎలక్ట్రాన్లకు జీవోలు తెలియవు; పరవాడలో పుట్టిన పవర్ ముందు విశాఖ లోడ్‌నే తీరుస్తుంది. వాటాల జాబితా చూసి హైదరాబాద్ పక్కన జనరేటర్ పెట్టామంటే మధ్యలోని లైన్ల ప్రవాహం అంతా తలకిందులు.

మాచ్‌ఖండ్ మరో రకం. ఒడిశాకూ ఆంధ్రప్రదేశ్‌కూ ఉమ్మడి కేంద్రం, 120 మెగావాట్లు. రెండు రాష్ట్రాలూ తమ తమ జాబితాల్లో రాసుకుంటాయి, రాసుకోవాలి కూడా. రెండు జాబితాల్నీ గుడ్డిగా కలిపితే 240 అవుతుంది.

పేరు మారింది, యంత్రం మారలేదు

ఇబ్రహీంపట్నంలోని థర్మల్ కేంద్రం పాత ఫైళ్లలో వీటీపీఎస్. కొత్తవాటిలో ఎన్‌టీటీపీఎస్, అంటే నార్ల తాతారావు కేంద్రం. తెలుగువాళ్లకు రెండూ ఒకటేనని తెలుసు. పేర్లు పోల్చే ప్రోగ్రాంకు తెలియదు, ఒకటి మాయమై ఇంకోటి కొత్తగా వచ్చిందని నివేదిక ఇస్తుంది. పీఎస్ఎస్‌ఈలో బస్ పేరుకు 12 అక్షరాలే చోటు, బస్ మీదున్న జనరేటర్ గుర్తుకు రెండే. మన ఊళ్ల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో 12కి కుదించడమంటే ఎవరికి తోచినట్టు వాళ్లు కోయడమే.

100 అనే ఆచారం

గ్రిడ్ లెక్కల్లో ఓమ్‌లు, వోల్టులు రాయరు. అన్నిటినీ ఒక ప్రమాణంతో భాగించి నిష్పత్తులుగా రాస్తారు. గ్రిడ్ మొత్తానికి ఆ ప్రమాణం ఆచారంగా 100 ఎంవీఏ. జనరేటర్ తయారీదారు మాత్రం తన యంత్రం సైజునే ప్రమాణంగా తీసుకుంటాడు. 500 మెగావాట్ల యంత్రానికి అది 588. అతను రియాక్టెన్స్ 0.2 అని ఇస్తే గ్రిడ్ ప్రమాణంలో అది 0.034. మార్చకుండా 0.2నే 100 మీద ఎక్కించారంటే ఆ యంత్రం ఉన్నదానికి ఆరోవంతు బలంతో కనిపిస్తుంది. రెండు అంకెలూ చూడ్డానికి మర్యాదగానే ఉంటాయి, అనుమానం రాదు.

ఒక భోజన విరామం

2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్యంలో, కెనడాలోని ఒంటారియోలో సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది. ఒహాయోలో చెట్లకు తగిలిన లైన్ల గురించి చాలామంది రాశారు. దర్యాప్తు నివేదికలోని ఇంకో ఘట్టం అంతగా ప్రచారంలో లేదు.

ఆ ప్రాంతాన్ని పర్యవేక్షించే మిసో అనే సంస్థలో స్టేట్ ఎస్టిమేటర్ ఉంది. గ్రిడ్ నుంచి వచ్చే వేల కొలతల్ని నమూనాతో సరిపోల్చి, ప్రస్తుతం గ్రిడ్ ఇలా ఉందని తేల్చే ప్రోగ్రాం అది. ఎంఐటీ ఆచార్యుడు ఫ్రెడ్ ష్వెప్పే 1970లో ఈ విద్యకు పునాది వేశాడు. ఆ రోజు మధ్యాహ్నం 12:15 నుంచి అది సరిగ్గా తేలడం మానేసింది. కారణం, ఒక 230 కె.వి. లైను నిజంగా ట్రిప్ అయింది, నమూనాలో మాత్రం అది ఇంకా పనిచేస్తోంది. కొలతలు ఒకటి చెబుతుంటే నమూనా ఇంకోటి చెబుతోంది. విశ్లేషకుడు ప్రతి ఐదు నిమిషాలకూ తనంతట తాను నడిచే ఏర్పాటును ఆపి, తప్పు పట్టుకుని, సరిచేసి, ఒంటిగంట దాటాక చేత్తో నడిపి చూశాడు. బాగానే వచ్చింది. ఆటోమేటిక్ మీటను తిరిగి వేయడం మరిచి భోజనానికి వెళ్లాడు.

2:40 ప్రాంతంలో అది నడవడం లేదని గమనించారు. తీరా మళ్లీ నడిపితే ఈసారి ఇంకో లైను, స్టూవర్ట్–అట్లాంటా 345 కె.వి., ఇలాగే నమూనాకు చెప్పకుండా పోయి ఉంది. అది కూడా తేల్చి, ప్రోగ్రాంను దారిలో పెట్టేసరికి 4:04. గ్రిడ్ వరుసగా కూలడం మొదలైంది దాదాపు రెండు నిమిషాల తర్వాత.

గరిష్ఠాలను కలపకూడదు

ఆంధ్రప్రదేశ్ గరిష్ఠ డిమాండు, తెలంగాణ గరిష్ఠ డిమాండు, తమిళనాడుది, కర్ణాటకది, కేరళది కలిపితే దక్షిణాది గరిష్ఠం రాదు. అన్నీ ఒకే రోజు, ఒకే వేళ రావు గనక. మన గ్రిడ్‌లో రోజును 15 నిమిషాల చొప్పున 96 ముక్కలు చేస్తారు; రెండు నమూనాల్ని పోల్చేముందు ఏ రోజు ఏ ముక్క అని అడగడం మర్యాద. ఇప్పుడు ఇళ్ల మీద సౌర పలకలు కూడా వచ్చాయి. మిట్టమధ్యాహ్నం లోడ్ తగ్గినట్టు కనిపిస్తే వాడకం తగ్గిందనుకోవద్దు, డాబా మీద పుట్టిన కరెంటు ఇంట్లోనే తీరిపోయి మీటరు దాకా రాకపోవచ్చు.

ఎవరూ చెప్పని సెట్టింగు

2016 సెప్టెంబరు 28న దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రం మొత్తం చీకటైంది. పెనుగాలికి టవర్లు కూలి, రెండు నిమిషాల్లో వోల్టేజి ఆరుసార్లు పడిలేచింది. తొమ్మిది పవన విద్యుత్ కేంద్రాలు తమ ఉత్పత్తిని మొత్తం 456 మెగావాట్ల మేర తగ్గించేశాయి. ఎందుకంటే, ఇన్నిసార్లకు మించి వోల్టేజి పడితే తప్పుకోవాలని వాటి కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో ఒక పరిమితి ఉంది. గ్రిడ్ నడిపే సంస్థకు ఆ పరిమితి సంగతి తెలియదు, వాళ్లకు ఇచ్చిన నమూనాల్లో లేదు. ఆ లోటును పూడ్చే భారమంతా పక్క రాష్ట్రం నుంచి వచ్చే లైను మీద పడి అదీ తెగిపోయింది. దాదాపు 8.5 లక్షల మంది వినియోగదారులు. తర్వాత ఆ సెట్టింగు మార్చారు.

అంతకు కొద్దివారాల ముందే, అదే ఏడాది ఆగస్టు 16న, కాలిఫోర్నియాలో అడవి మంటల పొగ వల్ల లైన్లలో షార్ట్ సర్క్యూట్లు అయి దాదాపు 1,200 మెగావాట్ల సౌర విద్యుత్ క్షణాల్లో పోయింది. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 60 హెర్ట్జ్ దగ్గరే ఉన్నా, ఆ కుదుపులో సౌర కేంద్రాల ఇన్వర్టర్లు చాలా వరకు అది 57 కంటే కిందికి పడిపోయిందని తప్పుగా లెక్కకట్టాయి. ఏ నమూనాలోనూ ఇన్వర్టర్ ఇలా పొరబడుతుందని లేదు.

మరి సరిపోల్చడం ఎలా?

ముందు మొత్తాలు చూస్తారు: రాష్ట్రంవారీగా ఉత్పత్తి, లోడ్, నష్టం, పక్కవాళ్లతో ఇచ్చిపుచ్చుకున్నది. మొత్తాలు కుదిరితే పని అయిపోయిందనుకోవడం కొత్తవాళ్ల అలవాటు. ఒకచోట 200 ఎక్కువ, ఇంకోచోట 200 తక్కువ ఉన్నా మొత్తం కుదురుతుంది. అందుకని తర్వాత ఒక్కో బస్‌ని జతకడతారు. నంబరుతో, కుదరకపోతే పేరుతో, అదీ కాకపోతే పక్కన ఏయే సబ్‌స్టేషన్లున్నాయో చూసి. జనరేటర్లకు యూనిట్ సామర్థ్యం మంచి ఆనవాలు. లోడ్లే కష్టం, వాటికి ముఖం ఉండదు. చివరికి జతపడనివి ఓ గుప్పెడు మిగులుతాయి. వాటికి ఏ ప్రోగ్రామూ అక్కరకు రాదు, సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి ఏఈని అడగాల్సిందే.

టెక్సస్‌లో ఈ తద్దినాన్ని మొదట్లోనే తప్పించే దారి ఎంచుకున్నారు. అక్కడి గ్రిడ్ సంస్థ ఎర్‌కాట్ 2010 డిసెంబరులో కొత్త మార్కెట్ పద్ధతికి మారినప్పుడు, నడిపే నమూనానే మూలమని తీర్మానించుకుంది. అందులో బ్రేకర్లను బట్టి కడ్డీలను కలిపి బస్‌లుగా కుదించే ప్రోగ్రాం ప్లానింగ్ నమూనాను పుట్టిస్తుంది, భవిష్యత్తులో రాబోయే లైన్లను దానికి చేరుస్తారు. యూరప్‌లో దేశాలు ఎక్కువ, మూలం ఒక్కటి కుదరదు. అక్కడ ఏ సంస్థ నమూనా ఆ సంస్థ ఉమ్మడి భాషలో తయారుచేసి పంపితే, వాటిని కుట్టి ఒక్కటి చేస్తారు. కుట్టేముందు ప్రతి దేశం ఎగుమతీ, పక్కదేశాల దిగుమతీ కలిపితే సున్నా రావాలి. ఆ సున్నా తనంతట తాను రాదు, సర్దాలి.

తప్పుల్లేని గ్రిడ్

పరిశోధక విద్యార్థులు వాడే ప్రసిద్ధ నమూనా ఒకటి 118 బస్‌లది. అది 1962 డిసెంబరులో అమెరికన్ ఎలక్ట్రిక్ పవర్ గ్రిడ్‌లో ఒక భాగం. అరవై ఏళ్లు దాటినా కొత్త అల్గారిథమ్‌లన్నీ దాని మీదే పరీక్షకు నిలబడుతున్నాయి. అసలు గ్రిడ్‌ల వివరాలు భద్రతా కారణాలతో బయటికివ్వరు కాబట్టి ఇంతకంటే పెద్దది దొరకడం కష్టమయ్యేది. టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం వాళ్లు దీనికో ఉపాయం చేశారు. జనగణన చూసి లోడ్లు, ప్రభుత్వం బహిరంగంగా ప్రకటించే జాబితా చూసి జనరేటర్లు పెట్టి, లైన్లు మాత్రం తమ సొంతంగా గీసి, టెక్సస్ పటం మీద 2,000 బస్‌ల గ్రిడ్ ఒకటి అల్లారు. ఊళ్లు నిజం, తీగలు కల్పితం. ఎవరైనా దించుకోవచ్చు, ఒక్క కంపెనీ రహస్యం కూడా అందులో లేదు.